చెంగమ్మ ఇంటి స్టీల్ గిటార్

2023 వేసవిలో నెల్లూరులోని మా అంగడి ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. ముప్పై ఏళ్లుగా హార్మోనియంలు, గిటార్లు బాగుచేస్తున్నాను. ఆటోలోంచి దించిన వస్తువును మాత్రం అంతకుముందు ఒకే ఒక్కసారి, అదీ దూరం నుంచి చూశాను. దాని పేరు పెడల్ స్టీల్ గిటార్. బల్లలా నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. పది తీగలు. ఎడమచేత్తో ఇనుప కడ్డీని తీగల మీద జరుపుతూ కాలితో పెడల్ నొక్కితే, కొన్ని తీగల స్వరం సాగుతూ పైకి పోతుంది.

తెచ్చినామె పేరు చెంగమ్మ. సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. భర్త దాన్ని చెన్నైలో పాత సామాన్ల అంగడిలో కొని, ఎవరూ నేర్పకుండానే నేర్చుకుని, ఊరి భజనలో వాయించేవాడట. ఆయన జబ్బుచేసి పోయి ఏడాది కావస్తోంది.

"సంవత్సరీకం నాడు మా మరిది వాయిస్తానన్నాడు మస్తానన్నా. తుప్పు పట్టి పెడళ్లు కదలడంలా. ఆయన వాయించినట్టే వినపడాల. అంతే నాకు" అంది.

ఏ తీగ వాయిద్యం వచ్చినా ముందు తీగలు వదులు చేసి తుడవడం మా నాన్న కాలం నుంచీ మాకు అలవాటు. ఆమె ఆటో సందు దాటకముందే పది తీగలూ వదులు చేసేశాను. అప్పుడు తట్టింది, ఆయన తన చెవికి నచ్చినట్టు బిగించుకున్నది ఇంకెక్కడా రాసి లేదని. ఏడాదిలో కాస్త జారినా ఆనవాలు మిగిలి ఉండేది.

నేల మీద వెల్లకిలా పడుకుని కింద నుంచి చూశాను. పెడల్ నుంచి సన్నని రాడ్లు వెళ్లి 'ఛేంజర్'ను లాగుతాయి. అంటే తీగను కావలసినంత మేరకే బిగించే మీట. మొదటి పెడల్ ఐదో తీగనూ పదో తీగనూ లాగుతోంది, రెండోది మూడో తీగనూ ఆరో తీగనూ. మూడో పెడల్ రాడ్లను చెంగమ్మ భర్తే ఊడదీసి, గుడ్డలో చుట్టి గిటార్ పెట్టెలో దాచుకున్నట్టున్నాడు. ఇంటర్నెట్‌లో వెతికితే 'ఈ-నైన్' అనే మామూలు ట్యూనింగ్‌కు ఇదంతా సరిపోయింది. కాగితం మీద రాసుకుని, శ్రుతి కొలిచే ట్యూనర్ మీటరు పెట్టి బిగించాను. నాలుగు రోజులు పట్టింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

చెంగమ్మ వచ్చాక కడ్డీ జరిపి పెడల్ నొక్కాను. ఆమె ముఖం వాడిపోయింది.

"ఇది కాదన్నా."

"మీటరు సరిగ్గానే చూపిస్తా ఉండాదమ్మా."

"మీటరుకు ఆయన తెలుసా ఏంది?"

పని మీద మాట పడితే నాకు కోపం ముందుంటుంది. "మరి దేనికి కలుపుకునేవాడమ్మా?" అని గట్టిగానే అడిగాను.

"భజనలో హార్మోనీ పెట్టెకు. ఆయన పోయినాక దాన్ని మీరే గదా బాగుచేసి ఇచ్చినారు!"

ఆ పాత పెట్టె శ్రుతి దిగిపోయి ఉంటే, లోపల స్వరం పలికే ఇత్తడి రీడ్లు గీకి మీటరు లెక్కకు పైకి తెచ్చింది నేనే. ఎంత దిగి ఉండేదో రాసుకోలేదు. ఆయన శ్రుతికి మిగిలిన రెండు ఆనవాళ్లూ నా చేతుల్లోనే పోయాయి. సిగ్గుతో తల దించుకుని, "ఇక దొరకదమ్మా" అన్నాను.

ఆమె గిటార్ వైపు చూస్తూ తనలో తాను ఒక భజన పాట అందుకుంది. వల బాగుచేసుకుంటూ రోజూ ఆయన వాయిద్యంతో కలిసి పాడిన పాటట. తీగ మీటి చూశాను. ఆమె గొంతు నా తీగకన్నా కొంచెం కింద ఉంది.

"మళ్లీ మొదటినుంచి పాడమ్మా" అన్నాను. మూడుసార్లు పాడించాను. మూడుసార్లూ అదే చోట అందుకుంది. మీటరు సొరుగులో పడేసి, ఒక్కో తీగనూ ఆమె గొంతుకు దించాను. పెడళ్ల పని కూడా దానికి తగ్గట్టు సరిచేశాను.

ఈసారి పెడల్ నొక్కగానే ఆమె పాట ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయనేనన్నా. ఇంకొక్కసారి నొక్కండి."

ఎన్నిసార్లు నొక్కానో తెలియదు. చాలునని ఆమె అనలేదు, ఆపాలని నాకూ అనిపించలేదు.

ఇప్పుడు ఏ వాయిద్యం వచ్చినా తీగ ముట్టుకోకముందే దాని శబ్దం ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను. తెచ్చినవాళ్లను ఒక పాట పాడమంటాను. కొందరు నవ్వుతారు, నవ్వనీ. ఆ గిటార్ కాగితం మా అంగడి గోడకు ఇంకా ఉంది. ట్యూనింగ్ అన్న చోట 'ఈ-నైన్, మీటరు ప్రకారం' అన్నది కొట్టేసి, పక్కన 'చెంగమ్మ గొంతు' అని రాసుకున్నాను.