ఫెయిలైన పరీక్షకి కృతజ్ఞత కూడిక

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదు. తలలో నాలుగు తెల్ల వెంట్రుకలు తప్ప పెద్దరికానికి నా దగ్గర వేరే ఆధారాలు లేవు. అయినా ఏడేళ్ళ కిందటి నన్ను తలుచుకుంటే వాడు నేను కాదు, ఎవడో దూరపు చుట్టం, కాస్త బుద్ధి తక్కువవాడు అనిపిస్తుంది కాబట్టి ఆ రోజుల్లో అనే అంటాను. ఆ రోజుల్లో మా ఊళ్ళో (ప్రత్తిపాడు నుంచి ఆటోలో పావుగంట) ప్రతివాడికీ ఏదో ఒక రహస్యం ఉండేది. నాకు మాత్రం ఆ అదృష్టం లేదు. నా బ్యాక్‌లాగులు ఎన్నో, అవి ఏ సబ్జెక్టులో, ఆదివారం పొద్దున చర్చి మీది మైకు గొట్టాల్లోంచి బస్టాపు దాకా వినపడేవి. మా చర్చిలో ఆరాధన చివర ప్రార్థన చీటీలు చదవటం ఆనవాయితీ. ఎవరికే కష్టమున్నా చీటీ మీద రాసి ముందున్న డబ్బాలో వేస్తే, అయ్యగారు (మా పాస్టరు గారు, డెబ్భై దాటిన మనిషి) ఒక్కొక్కటే చదివి అందరిచేతా ప్రార్థన చేయించేవారు. ఆ డబ్బాలో వారం తప్పకుండా చీటీ వేసింది మా నాన్న. చీటీలోని కష్టం నేను.

నేను గుంటూరులో మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. చదివాను అనటం మర్యాద కోసం. నాలుగేళ్ళూ బస్సులో వెళ్ళొచ్చాను, ఆ నాలుగేళ్ళకీ గుర్తుగా ఏడాదికొకటి చొప్పున నాలుగు సబ్జెక్టులు మిగుల్చుకున్నాను. నాన్న మిర్చి యార్డులో ముఠా పని చేసేవాడు. ముప్పై ఏళ్ళు బస్తాలు ఎత్తి, దించి, ఆ ఘాటంతా పీల్చి పీల్చి, నా కోర్సు ముగిసిన ఏడాదే ఆయన ఊపిరితిత్తులు పాడైపోయాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఐదో అడుగుకి కూర్చోవాలి. డాక్టరు ఇక యార్డు మొహం చూడొద్దన్నాడు. ముప్పై ఏళ్ళు ఖాళీగా కూర్చోవటం ఎరగని మనిషి మంచం మీద కూర్చుని ఏం చేస్తాడు? నా బ్యాక్‌లాగుల పని పెట్టుకున్నాడు. శనివారం సాయంత్రం కళ్ళజోడు పెట్టుకుని, నా పాత నోటుబుక్కులోంచి కాగితం చింపి, "ఏందిరా దాని పేరు, సరిగ్గా చెప్పు. దేవుడి దగ్గర తప్పు రాయగూడదు" అని అక్షరం అక్షరం అడిగి రాసేవాడు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషికి నా సబ్జెక్టుల పేర్లు నాకంటే బాగా వచ్చేవి.

అయ్యగారికి మాత్రం రాలేదు. కామెర్లు వచ్చిన ఒక పిల్లకీ, తప్పిపోయిన ఒక గేదెకీ మధ్య నా చీటీ వచ్చేది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, గొంతు సవరించుకుని, "ప్రభువా, ఈ బిడ్డను వెంటాడుతున్న థర్మో... థర్మోడైనమిక్కులను వీడి కాళ్ళ కింద చితక తొక్కించుము" అని ప్రార్థించేవారు. సంఘమంతా ఆమేన్ అనేది. థర్మోడైనమిక్స్ అంటే ఏదో పాత దయ్యమనీ, హాస్టల్లో ఉన్నప్పుడు నన్ను పట్టిందనీ చాలామంది గట్టిగా నమ్మారు (నేను హాస్టల్లో ఎప్పుడూ లేను). అమ్మతో పాటు మిరపకాయల కోతకి వెళ్ళే ఒక పెద్దమ్మ ఉండేది. ఆమె మాట్లాడితే పక్క చేలో వాళ్ళు తలెత్తి చూస్తారు, అందుకని మేం మైకు పెద్దమ్మ అనేవాళ్ళం. ఆమె నేను రోడ్డు మీద కనపడితే చాలు, కూలీల ఆటోలోంచి తల బయటపెట్టి, "ఏం నాయనా, ఆ థర్మో ఏందో, వదిలిందా నిన్ను?" అని అడిగేది. వదల్లేదు పెద్దమ్మా అనేవాణ్ణి. ఆమె నిజంగానే బాధపడేది.

ఏడాదిన్నరలో మూడు సబ్జెక్టులు గట్టెక్కాయి. ఒక్కోటి గట్టెక్కినప్పుడల్లా నాన్న చీటీలో ఒక పేరు తగ్గించి రాసేవాడు. ఆఖరికి థర్మోడైనమిక్స్ ఒక్కటే మిగిలింది. నాన్న ఊపిరి కూడా అదే లెక్కన తగ్గుతూ వచ్చింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం అనుకునేవాళ్ళం కాదు. ఒకరోజు అన్నం తింటూ ఆగి, "నువ్వు బస్తా ఎత్తకుండా బతుకుతావని తెలిస్తే చాలురా నాకు. అది తెలిసినాక ఎప్పుడైనా పరవాలేదు" అన్నాడు. ఆ ఎప్పుడైనా అన్నది దేని గురించో నాకు అర్థమైంది. నేను మజ్జిగ గ్లాసు చేతికందించి లేచి వెళ్ళిపోయాను.

ఫలితాలు ఒక మధ్యాహ్నం వచ్చాయి. మా ఇంట్లో సిగ్నల్ రాదు, డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితేనే వస్తుంది. ఎండలో కాళ్ళు కాలుతుంటే పదిసార్లు నొక్కాక పేజీ తెరుచుకుంది. ఫెయిల్. ఐదు మార్కులు తక్కువ. మెట్లు దిగి వచ్చేసరికి నాన్న మంచం మీద కూర్చుని నా వైపే చూస్తున్నాడు. ఏమైందిరా అనటానికి ఊపిరి చాలక గడ్డం పైకెత్తి అడిగాడు. నేను నిజం చెప్పాలనే నోరు తెరిచాను, ఒట్టు. "పాసయ్యాను నాన్నా" అని బయటికొచ్చింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నాలుగు నెలల్లో మళ్ళీ పరీక్ష ఉంది, రాస్తే ఎలాగూ పాసవుతాను, ఆ సంగతే కాస్త ముందుగా చెప్పాను. జరగబోయేది ముందే చెప్తే దాన్ని ప్రవచనం అంటారు, అబద్ధం అనరు. ఇంజినీరింగ్‌లో ఇంత తెలివి చూపించి ఉంటే అసలు ఈ కథే ఉండేది కాదు.

నేను మరిచిపోయింది నాన్న మొక్కుబడి. ఆఖరి సబ్జెక్టు అయిపోతే కృతజ్ఞత కూడిక పెట్టిస్తానని ఆయన ఎప్పుడో దేవుడికి మాటిచ్చాడట. కృతజ్ఞత కూడిక అంటే ఇంటి ముందు షామియానా వేసి, సంఘాన్నంతా పిలిచి, పాటలు, వాక్యం, భోజనాలు. అన్నిటికంటే ముఖ్యం, మేలు పొందినవాడు లేచి మైకులో సాక్ష్యం చెప్పాలి. "సర్టిఫికెట్ చేతికొచ్చాక పెట్టుకుందాం నాన్నా" అన్నాను. "దేవుడికి సర్టిఫికెట్ చూపిచ్చాలా ఏంది?" అన్నాడు నాన్న. అమ్మతో జ్వరంగా ఉందన్నాను. ఆమె నుదురు కూడా ముట్టుకోకుండా, "సాక్ష్యం చెప్పినాక పడుకో" అంది. అమ్మ అల్లారుముద్దుగా పెంచుకున్న నాటు కోళ్ళు రెండూ కూడిక రోజు పొద్దునే నా ప్రవచనానికి బలైపోయాయి.

ఆ సాయంత్రం ఊళ్ళో రావలసినవాళ్ళూ వచ్చారు, అక్కర్లేనివాళ్ళూ వచ్చారు. నల్లపాడు నుంచి నా క్లాస్‌మేట్ వచ్చాడు (ఎప్పుడు చూసినా రైలు కోసం చూస్తుంటాడని వాణ్ణి ప్లాట్‌ఫారం అనేవాళ్ళం). వాడికి నా రిజల్ట్ తెలుసు. వాడు నన్ను పక్కకి లాగి, "ఒరేయ్, ఫెయిలైనందుకు భోజనాలు పెట్టే కుటుంబాన్ని నేను ఇదే చూడటం రా" అన్నాడు. నోరు మూసుకుని తిని పొమ్మన్నాను. ఇంతలో అయ్యగారు నా పేరు పిలిచారు. ఇస్త్రీ చొక్కాలో, చెమటలు కక్కుతూ మైకు దగ్గరికి వెళ్ళాను. రాత్రంతా నిద్రపోకుండా తయారు చేసుకున్న సాక్ష్యం అది. "మీ అందరి ప్రార్థనల వల్లే ఇవాళ నేనిలా నిలబడ్డాను. నాన్న నాకోసం పడ్డ కష్టం నేను తీర్చలేనిది. మీరు నాకోసం ఇంకా ప్రార్థన చేయాలి." పాస్ అన్న మాట ఎక్కడా దొర్లకుండా నేలచూపులు చూస్తూ అప్పజెప్పాను. గమనిస్తే అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. అయ్యగారు ఊరుకుంటారా? "ఏం పాసైనావో గట్టిగా చెప్పు బాబూ, వెనకాలోళ్ళకి వినపడాల" అన్నారు. నేను నేలకి చెప్పాను, "థర్మోడైనమిక్స్." షామియానా అంతా హల్లెలూయ అంది. అందరికంటే గట్టిగా అన్నది ప్లాట్‌ఫారంగాడు.

అప్పుడు నాన్న తనంతట తనే లేచాడు. నెలల తరబడి ఇంకొకరి భుజం లేకుండా లేవని మనిషి. అమ్మ పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడట. మైకులో ఆయన మాటలకంటే ఊపిరే ఎక్కువ వినపడింది. "నేను... ముప్పై ఏళ్ళు బరువు మోశాను. ఇయ్యాల... దించాను." అంతే చెప్పగలిగాడు. నేను వేదిక పక్కన నిలబడి నా చెప్పుల వైపు చూస్తూ, భూమి రెండుగా చీలితే బాగుండునని ఎదురుచూశాను. మా నల్లరేగడి నేల ఎండాకాలమైతే ఎక్కడ పడితే అక్కడ నెర్రెలిస్తుంది. కావలసినప్పుడు మాత్రం చీలదు.

ఆ మర్నాటి నుంచి నాన్న చీటీలు రాయటం మానేశాడు. రాయటానికి ఇంకేముంది? దసరా వెళ్ళిన వారానికి ఆయన పోయాడు. సమాధి దగ్గర అయ్యగారు వాక్యం చెప్తూ, "ఈ సహోదరుడు దిగులుతో పోలేదు. కొడుకు గట్టెక్కటం కళ్ళారా చూసి సమాధానంగా నిద్రించాడు" అన్నారు. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, కానీ నా ఏడుపు వాళ్ళ ఏడుపుతో కలవలేదు. అవును, చూసి పోయాడు. చూసింది జరగనిదాన్ని.

నెల తిరక్కముందే సప్లిమెంటరీ పరీక్ష వచ్చింది. గుంటూరులో ఉద్యోగం ఇంటర్వ్యూ అని అమ్మకి చెప్పి వెళ్ళాను (ప్రవచనాలు ఒకసారి మొదలైతే ఆగవు). నాన్న చీటీలు మొదలుపెట్టాక నా వెనక ఒక్క ప్రార్థన కూడా లేకుండా రాసిన పరీక్ష అదే. సంఘం దృష్టిలో ఆ దయ్యం ఎప్పుడో వదిలిపోయింది. అదేం విచిత్రమో, పాసయ్యాను. మిరపకాయల కోతలు జోరుగా సాగుతున్నప్పుడు ఫలితం వచ్చింది. డాబా మీద నిలబడి ఆ పేజీని మూడుసార్లు చూసుకున్నాను. జీవితంలో మొదటిసారి ఎవరికైనా చెప్పుకోదగ్గ పని ఒకటి చేశాను, చెప్పుకోవటానికి ఊళ్ళో ఒక్కడూ లేడు. అందరూ ఒకసారి సంతోషపడి, కోడికూర తిని, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. నాన్నకైతే ఎలా చెప్పను? ఆ మధ్యాహ్నం ఆ ట్యాంకు పక్కన కూర్చుని, ఆయన పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాను.

తర్వాత లేచి అమ్మ కోతకి వెళ్ళిన చేనుకి నడిచి వెళ్ళాను. అమ్మ తలకి తువ్వాలు చుట్టుకుని సాలులో వంగి కాయలు కోస్తోంది. నన్ను చూసి, "ఏందిరా ఈ ఎండలో, ఎవరికేమైంది?" అంది. ఎవరికీ ఏం కాలేదని, మొత్తం చెప్పాను. ఐదు మార్కులు, డాబా, నోరు జారటం, దొంగ ఇంటర్వ్యూ, ఇప్పటి పాసు. అమ్మ కోయటం ఆపలేదు. పక్క సాలులోంచి మైకు పెద్దమ్మ వింటోందేమోనని నాకు భయం. ఆమె జన్మలో మొదటిసారి మాట్లాడకుండా దూరంగా జరిగింది.

కోసిన కాయలు గోతంలో వేస్తూ అమ్మ, "మీ నాన్నకి తెలవదుగా?" అంది.

"తెలియదమ్మా."

"అయితే ఆ రోజు మైకులో, బరువు దించానని ఆయన చెప్పింది నిజమే. నువ్వు చెప్పిందే అబద్ధం."

అంత పొందిగ్గా పాస్ అన్న మాట తప్పించి కట్టిన సాక్ష్యాన్ని అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. నడుం నిలబెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, "అది సరే గానీ, నువ్వు మైకులో ఆ పేరు చెప్పినప్పుడు మీ నాన్న మొహం చూశావా? మా పెళ్ళిలో గూడా నేను అట్టా చూళ్ళేదు ఆయన్ని" అంది.

"చూళ్ళేదమ్మా. ఎట్టా ఉంది?"

అమ్మ చెప్పబోయింది. "ఏమోరా, ఎట్టా చెప్పేది" అని మళ్ళీ వంగి కాయలు కోసుకుంది. నేను పక్క సాలు పట్టుకుని పొద్దుగూకేదాకా ఆమెతో పాటు కోశాను. ఆ రాత్రి చేతులు మండి నిద్రపట్టలేదు, మండటం బాగానే అనిపించింది.

ఇప్పుడు నేను బస్తాలు ఎత్తటం లేదు. ఒక కంపెనీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఊరెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ కూడిక సంగతి ఎత్తుతారు. ఆ రోజు మీ నాన్న మొహం చూడాల నాయనా, అంటారు. మైకు పెద్దమ్మ అంటుంది, ఆటో డ్రైవరు అంటాడు, ఆఖరికి ప్లాట్‌ఫారంగాడు కూడా ఫోన్లో అంటాడు. షామియానా కింద ఉన్న ప్రతి ఒక్కరూ చూశారు. ఒకప్పుడు ఆ మైకు ముందు నిలబడ్డవాణ్ణి తలుచుకుంటే చెంప పగలగొట్టాలనిపించేది. ఇప్పుడు నవ్వొస్తోంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక్క అబద్ధం కూడా దొర్లకుండా ఎంత జాగ్రత్తగా మాట్లాడాడో, పాపం. అంత కష్టపడినవాడు ఒక్కసారి తలెత్తి చూసి ఉండాల్సింది.