పెండింగ్: ఒకటి

మనవరాలి ఫోటో ఒకటి కావాలని ఆ అవ్వ మా బడికి వచ్చేసరికి నేను నా ఫోను శుభ్రం చేసి పన్నెండు రోజులయింది. అంతకు ముందు వచ్చి ఉంటే అడిగిన మరుక్షణం నూరు ఫోటోలు చూపించేదాన్ని. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం చాలలేదు.

నేను బాగేపల్లిలో ఉంటాను. పరగోడు దాటాక రోడ్డు వదిలి లోపలికి వెళ్తే వచ్చే ఒక చిన్న పల్లెలో కన్నడ ప్రాథమిక పాఠశాలకు ముఖ్యశిక్షకిని, అంటే హెడ్మిస్ట్రెస్‌ని. నాతో పాటు ఇంకొక టీచరు, ఇరవై ఆరుగురు పిల్లలు. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు, కొట్లాటల్లో ఏది ముందు నోటికొస్తే అది వాడతారు.

మధ్యాహ్నం అన్నంతో పాటు పిల్లలకు ఉడికించిన గుడ్డు ఇవ్వాలి. గుడ్డు తినని ఇళ్ళ పిల్లలకు అరటిపండు. ఎవరికి ఏది అన్నది ముందే పట్టీ రాసి ఉంటుంది. ఇస్తే చాలదు, ఇచ్చినట్టు రుజువు కావాలి. రుజువంటే ఫోటో. పిల్లల్ని వరండాలో రెండు వరసల్లో నిలబెట్టి, చేతిలో ఉన్నది పైకెత్తి చూపమని, ఫోటో తీసి, విద్యా ఇలాఖా వాళ్ళ యాప్‌లో ఎక్కించాలి. ఒక్క ఫోటోతో పని జరగదు. ఒకడు కళ్ళు మూస్తాడు, ఒకడు అప్పటికే సగం మింగేసి ఉంటాడు. సగం గుడ్డు పైవాళ్ళకు రుజువు కాదు. అందుకని నాలుగైదు తీసి, మంచిదొకటి పంపేదాన్ని. మిగిలినవి ఫోనులోనే పడి ఉండేవి. అలా రెండేళ్ళు తీశాను.

ఫోను నడక పడిపోయింది. వేలితో తాకితే, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి వస్తానన్నట్టు కాసేపు ఆగి, అప్పుడు తెరుచుకునేది. ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్ళు విసిగి పెట్టేశాక మోగేది. నేను ఓర్చుకున్నాను. ఓర్పు నాకు పుట్టుకతో వచ్చింది కాదు, కొత్త ఫోను కొనడానికి బద్ధకం, అంతే.

చిక్కబళ్ళాపురంలో ఒక సర్వేకి తరబేతి, అదే ట్రైనింగు, పెట్టారు. హాల్లో అందరూ కొత్త యాప్ వేసుకున్నారు. నా ఫోనులో మాత్రం గుండ్రంగా తిరిగి తిరిగి, జాగా లేదని చెప్పి ఆగిపోయింది. తరబేతి ఇచ్చే ఆయన నా బెంచీ దగ్గరికి వచ్చి, ఫోను చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి చూసి, అందరికీ వినపడేలా కన్నడంలో, మేడం, దీన్ని మ్యూజియంకి ఇచ్చేయండి అన్నాడు. నవ్వారు. నాతో చదివినవాళ్ళు కూడా నవ్వారు. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజు అక్కడినుంచి బస్సు ఎక్కి బాగేపల్లిలో దిగేదాకా దిగలేదు.

బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే అంగడి ఒకటుంది. నేరుగా అక్కడికి పోయాను. అంగడాయన ఫోను తెరిచి చాలాసేపు చూశాడు.

"ఏముండాదమ్మా దీంట్లో, అంతా గుడ్లే" అన్నాడు.

"పిల్లోళ్ళవి అప్పా. రుజువుకు తీసినవి."

"పైకి పంపేసినారు గదా? ఇంక మీకెందుకు?"

అడిగింది న్యాయమే అనిపించింది. ఎందుకో నాకూ తెలియలేదు. తీసేయమన్నాను. ఆయన పద్ధతిగా చేశాడు. ముందు క్యాష్ తుడిచాడు. నేనెప్పుడూ తెరవని యాప్‌లు పీకేశాడు. గ్రూపుల్లో రోజూ పొద్దున్నే వచ్చే పూల బొమ్మలు, శుభోదయాలు, దేవుళ్ళు, అన్నీ మూట కట్టి తోసేశాడు. తర్వాత ఫోటోలు. నెలకు నెల ఎంచుకుంటూ పోతుంటే, వరండా, పిల్లలు, పైకెత్తిన చేతులు వరసగా కిందికి జారిపోయాయి. ఆగమని అనలేదు.

"ఇవి ఫోను చెత్తబుట్టలో ఉండాయమ్మా. నెల దినాలు ఆడే ఉంటాయి. బుట్ట గూడా ఖాళీ చేస్తే గానీ జాగా రాదు."

"చెయ్యప్పా."

ఆ బుట్ట మీద నాకు ఇప్పటికీ పగ ఉంది.

రెండు వస్తువులు మాత్రం ఉండనిమ్మన్నాను. ఒకటి, చింతామణిలో నాకు జరిగిన సన్మానం వీడియో. శాలువా, మైసూరు పేటా, పండ్ల బుట్ట, మొత్తం పదకొండు నిమిషాలు. అందులో ఏడు నిమిషాలు అధ్యక్షుల వారి ఉపన్యాసమే, నా పేరు కూడా ఆయన తప్పు పలికాడు. అయినా నాది కదా. రెండోది ఇలాఖా యాప్ లోపలి సరుకు. అది తుడిస్తే చాలా జాగా వస్తుందని అంగడాయన ఆశ పెట్టాడు. కానీ ఆ యాప్‌లో ఏడాదిగా 'పెండింగ్: ఒకటి' అని ఎర్రగా కనిపిస్తూ ఉంది. ఏదో ఒక రోజు సిగ్నల్ లేక ఒక ఫోటో పైకి పోలేదు. ఎన్నిసార్లు నొక్కినా పోలేదు. దాన్ని తిట్టని దినం లేదు. తుడిచేస్తే, ఆ రోజు గుడ్డు ఏమయిందని రేపు ఎవరైనా నోటీసు ఇస్తే? వద్దప్పా, దాని జోలికి పోవద్దు అన్నాను. భయంతో అన్నాను.

ఫోను చురుకయింది. సర్వే యాప్ వేసుకున్నాను. తరబేతి ఆయనకు చూపిద్దామనుకున్నాను గానీ ఆయన మళ్ళీ కనపడలేదు.

పన్నెండు రోజులకు అవ్వ వచ్చింది. ఆమె మనవరాలు మా బడిలో మూడో తరగతి. దసరా సెలవులు అయిపోగానే, నేను ఫోను శుభ్రం చేయకముందే, వాళ్ళమ్మ బెంగుళూరు నుంచి వచ్చి, నా చేత టీసీ రాయించుకుని, పిల్లను తీసుకుపోయింది. ఆమె అక్కడ గార్మెంట్స్‌లో పని చేస్తుంది. పుట్టిన ఏడాది నుంచి పిల్లను పెంచింది ఈ అవ్వే. ఊళ్ళో ఆంజనేయస్వామి గుడి తాళం వాళ్ళింట్లో ఉంటుంది. ఊడ్చేది, దీపం పెట్టేది వాళ్ళే. పిల్లకు రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. నడినెత్తిన గీత గీసినట్టు పాపిడి. బడికి ఆలస్యంగా వచ్చినా జడలు మాత్రం సరిగ్గా ఉండేవి.

"మేడమ్మా, మీరు దినామూ పిల్లోళ్ళకు ఫోటో తీస్తాంటిరంట గదా. మా పాపది ఒకటి ఇయ్యమ్మా. కాగితం మీద."

"ఇంట్లో ఒకటీ లేదా అవ్వా?"

"ఆధార్ కార్డులో ఉండె. అది చంటిబిడ్డప్పటిది. ఆ కార్డు గూడా వాళ్ళమ్మే ఎత్తుకపోయె."

ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోను. మాట వినిపిస్తుంది, మనిషి కనపడదు. మీ కూతురికి చెప్పి, పాపను ఇప్పుడొక ఫోటో తీసి నా ఫోనుకు పంపమందాం అన్నాను. తప్పించుకోవడానికే అన్నాను. అవ్వ ఒప్పుకోలేదు.

"అది ఆడి బెంగుళూరు పిల్లమ్మా. పొద్దున్నే జడలేసేకి టైం ల్యాదని జుట్టు కత్తిరిచ్చేసినారంట. నాకు ఈడి పిల్ల కావల."

సోమవారం రా అవ్వా, చూసి పెడతా అన్నాను. చూడటానికి ఏమీ లేదని నాకు తెలుసు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు, ఆ నాలుగు రోజులు అదే పని. బుట్ట తెరిచి చూశాను. ఖాళీ. ఇంకో టీచరు ఫోనులో వెతికాం. ఆమెకు ఈ ఫోటోల బాధ్యత లేదు కాబట్టి ఆమె ఫోనులో ఆమె పిల్లలే ఉన్నారు. తాలూకా కచేరికి ఫోన్ చేశాను. నేను పంపినవి నాకు ఒక్కటి వెనక్కి కావాలన్నాను. అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "మాకు ఫోటోలు కనపడవు మేడం. మీ బడి పేరు ఎదురుగా టిక్కు కనపడుతుంది, అంతే." రెండేళ్ళ పాటు ఎండలో పిల్లల్ని నిలబెట్టి తీసినవి ఒక టిక్కు కోసమన్నమాట. ఫోన్ పెట్టేశాక అంగడాయన్ని తిట్టుకున్నాను. తర్వాత ఇలాఖాను తిట్టుకున్నాను. తీసేయమన్నది నేనే అన్నది అన్నిటికన్నా ఆఖర్న గుర్తుకొచ్చింది. సిగ్గేసింది.

శనివారం గుడ్ల ఫోటో ఎక్కిస్తుంటే ఆ ఎర్ర అక్షరాలు మళ్ళీ కనపడ్డాయి. పెండింగ్: ఒకటి. ఇన్ని రోజులూ దాన్ని పంపాలని నొక్కానే గానీ, అందులో ఏముందో తెరిచి చూడలేదు. తెరిచాను.

వానపడిన రోజు. వరండా తడిగా ఉంది. రెండు వరసల్లో పిల్లలు, చేతులు పైకి. వెనక వరసలో చివర ఒక పిల్ల మాత్రం నాకు వీపు తిప్పి నిలబడి ఉంది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. మొహం బొత్తిగా కనపడదు. ఎడమ చెయ్యి పక్కకు వచ్చి ఉంది, ఆ చేతిలో కొరికిన గుడ్డు.

నాకు విషయం గుర్తొచ్చింది. ఆ పిల్లది గుడి సేవ చేసే ఇల్లు. పట్టీలో ఆమె పేరు ఎదురుగా అరటిపండు అని ఉంది. రాయించింది అవ్వే. పిల్ల అరటిపండు పట్టుకుని ఫోటో దిగేది, ఫోటో అవగానే పక్క పిల్ల గుడ్డుతో మార్చుకునేది. నేను చూసేదాన్ని. చూడనట్టు ఉండేదాన్ని. గుడ్డు మీద ఆ పిల్లకున్న ఇష్టం ఆ మొహంలో తెలిసిపోయేది. ఆ రోజు వానలో తొందరపడి ముందే మార్చుకున్నట్టుంది, ఫోటో అనగానే వెనక్కి తిరిగేసింది. నేనూ ఆ తొందరలో సరిగ్గా చూడకుండానే ఎక్కించి ఉంటాను.

ఉన్నది ఇదొక్కటే. ఇందులో మొహం లేదు, దొంగతనం ఉంది. అవ్వకు ఇది చూపిస్తే ఇక్కడ లేని పిల్ల మీద చాడీ చెప్పినట్టవుతుంది. చూపించకపోతే చేతులూపుకుంటూ పంపాలి. ఆదివారమంతా ఇదే ఆలోచన. చివరికి ఎలాగైనా బయటికి తీద్దాం, ఇచ్చేది లేనిది తర్వాత చూద్దాం అనుకున్నాను.

ఆ యాప్‌లోంచి ఫోటో బయటికి రాదు. స్క్రీన్‌షాట్ తీయాలి. తీస్తే, జాగా లేదంది. ఫోను చురుకుదనం అప్పటికే అయిపోయింది, సర్వే యాప్ వచ్చి మిగిలిన జాగా అంతా తినేసింది. తీసేయడానికి ఇంక ఏం మిగిలింది? సన్మానం మిగిలింది. ఒకసారి తెరిచాను. అధ్యక్షుల వారు నా పేరు తప్పు పలికేదాకా చూసి, తీసేశాను. బుట్టలోంచి కూడా తీసేశాను. బాధ పడలేదని చెప్పను. స్క్రీన్‌షాట్ పడింది.

ఆ సాయంత్రమే బాగేపల్లిలో స్టూడియోకు ఇచ్చి, ఈ ఒక్క పిల్లనే పెద్దది చేసి ఇవ్వమన్నాను. చెయ్యి కనపడకుండా కత్తిరించడానికి వీలవుతుందా అని అడిగాను. చెయ్యి తీసేస్తే ఎడమ జడ సగం పోతుందన్నాడు. అయితే ఉండనీ అన్నాను.

సోమవారం బెల్లు కొట్టకముందే అవ్వ వచ్చి వరండాలో కూర్చుంది. కవరు చేతికిచ్చి, ముందే చెప్పేశాను.

"మొకం పడలేదవ్వా. వెనక్కి తిరిగింది. ఇది తప్ప వేరే లేదు."

మిగిలినవి నేనే తీసేశానని నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. అవ్వ ఫోటోను చీర కొంగుతో తుడిచి, వెలుతురుకు తిప్పి పట్టుకుంది. పాపిడి మీద వేలు పెట్టి కిందికి, రిబ్బను దాకా వచ్చింది.

"మా పాపనే. జడలు నేనేసినవే. ఎడం పక్కది ఎప్పుడూ రవ్వంత లూజు పడతాది, నా చెయ్యి అట్లాంటిది."

చాలాసేపు చూసింది. వేలు చెయ్యి దగ్గరికి వచ్చి ఆగింది. నేను బోర్డు తుడిచే గుడ్డ వెతుకుతున్నట్టు లోపలికి పోబోయాను.

"గుడ్డు తింటాండాది."

గుమ్మంలోనే ఆగిపోయాను.

"నాకు తెలుసులేమ్మా. సాయంత్రం ముద్దుకొస్తే నోరు వాసనొచ్చేది. నేను అడగల్యా, అది చెప్పల్యా. గుడి లోపలికి పోయేకి ముందు మాత్రం నోరు పుక్కిలిచ్చి పొమ్మంటాంటి. ఎందుకని అది ఒక్క దినమూ అడగల్యా."

ఫోటోను కవర్లో పెట్టి, కవరును కొంగులో చుట్టి, లేచింది. మెట్టు దిగి మళ్ళీ ఆగింది.

"బెంగుళూరు ఇస్కూల్లో గూడా గుడ్డు ఇస్తారా మేడమ్మా?"

"ఇస్తారవ్వా. అన్ని బళ్ళల్లోనూ ఇస్తారు."

"ఫోటో తీస్తారా?"

"తీస్తారు."

"అట్లయితే ఆ మేడం దగ్గర ఉంటాదిలే, పెద్దయినాక అడిగినా ఇస్తాది."

ఉంటుందవ్వా, అన్నాను.