చింతపండుతో తోమిన బ్యాడ్జీలు

పద్దెనిమిది పాత బ్యాడ్జీలను ఒక్క శుక్రవారం మధ్యాహ్నంలో చింతపండూ ఉప్పూ వేసి తళతళలాడించిన ఘనత బహ్రెయిన్‌లో నా ఒక్కడికే దక్కుతుంది. తోమడమే కాదు, వాటికి వేలాడుతున్న మురికి రిబ్బన్లను కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. మా నాన్నది ఇత్తడి సామాన్ల కొట్టు. నల్లబడ్డ చెంబును ఎవడూ కొనడన్న సంగతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. ఇంత తెలివైనవాడు అస్కర్ అనే ఊరి దగ్గర ఒక కాంట్రాక్టరు స్టోరులో బోల్టులు లెక్కపెట్టుకుంటూ ఎందుకున్నాడో ఒక్కసారైనా ఆలోచించుకోవాల్సింది.

ఎప్పటిదో యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన ఇంగ్లీషు సిపాయిలు ఏడాదికొకసారి ఏదో ఒక ఊళ్ళో కలుసుకునేవారట. కలిసినప్పుడల్లా ఛాతీకి పెట్టుకోవడానికి ఒక కొత్త బ్యాడ్జీ. పైన ఊరి పేరూ సంవత్సరమూ చెక్కిన పట్టీ, మధ్యలో రిబ్బను, కింద పటాలం గుర్తున్న బిళ్ళ. పట్టీలో చిన్న కిటికీలాగా పలచటి పారదర్శకపు రేకు, దాని వెనక కాగితం మీద సిరాతో ఆ మనిషి పేరు. పాత సామాన్ల బజారులో ఒకటీ అరా కొంటూ వీటిని గుర్తుపట్టడం నేర్చుకున్నాను. ముందువైపు చూసేవాడు మోసపోతాడు. వెనక్కి తిప్పాలి. చేసినవాడి ముద్ర, పిన్ను వంచిన తీరు, టంకం మచ్చ, అన్నీ అక్కడే ఉంటాయి.

ఆ పద్దెనిమిదింటినీ నాకు అమ్మింది జింజ్ అనే పేటలో ఒక ఇంగ్లీషు పెద్దాయన్ని చూసుకునే అమలాపురం వైపు ఆవిడ. బిస్కెట్ల డబ్బాలో తెచ్చింది. మూత తీయగానే చెమటా, చిలుమూ, ఎప్పుడో చచ్చిన బల్లీ కలిసిన వాసన వచ్చింది.

"పెద్దాయన నాన్నగారివంట తమ్ముడూ. నువ్వే ఉంచుకోమని నా చేతిలో పెట్టారు. నలభై ఇయ్యి."

"బంగారమైతే ఉంచుకునేదానివే అక్కా. ఇత్తడి గనక నా దగ్గరికి తెచ్చావు. పది."

"పదికి డబ్బా కూడా రాదు."

"డబ్బా నువ్వే పట్టుకెళ్ళు."

పదిహేను దినార్లకు తెగింది. ఒక్కొక్కటే ఆ ధర పలుకుతుందని నాకు తెలుసు. తెలిసీ, ముక్కు మూసుకుని ధర్మానికి కొంటున్నట్టు మొహం పెట్టాను.

క్యాంపులో బకెట్టు ముందు కూర్చుని తోముతుంటే జగిత్యాల నుంచి వచ్చిన నా రూమ్మేటు వెనక నిలబడి చూశాడు.

"ఏందన్నా, దేవుని సామాన్లు తోముతున్నవ్? గీడ పండుగేమన్న ఉన్నదా?"

"రేపు ఇవి ఎంతకమ్ముతానో చూడు" అన్నాను.

సాయంత్రానికి చింతపండు పులుసు రేకుల కిందికి దిగి, సిరా కరిగి, కాగితాలన్నీ పాత టీ మరకల్లా తయారయ్యాయి. పద్దెనిమిదింటి మీదా ఉన్నది ఒక్కడి పేరే. ఒక్కచోటా మిగల్లేదు. పేరును ఎవడు కొంటాడు, మెరుపును కొంటాడు గానీ, అని నాకు నేనే చెప్పుకున్నాను. బేరానికి వచ్చినవాణ్ణి మోసం చేయడం మాకు వంశపారంపర్యమే, నన్ను నేనే మోసం చేసుకోవడం మాత్రం కొత్తగా నేర్చుకున్నాను.

పది రోజుల తర్వాత, ఇంకా ఒక్కటీ అమ్ముడుపోకముందే, ఆవిడ ఫోన్ చేసింది.

"మేడం డబ్బా కోసం ఇల్లంతా వెతుకుతోంది తమ్ముడూ. ఆవిడ ఆయన కూతురు. ఆయన్ని అడిగితే నేనెవరికీ ఇవ్వలేదంటున్నారు. పొద్దున్న తిన్నదే గుర్తుండదు ఆయనకి. నన్ను దొంగంటే నా బతుకేం కాను? తిరిగిచ్చెయ్."

"ఇరవై అయిదు" అన్నాను.

"నాకిచ్చింది పదిహేనేగా."

"తోమిన కూలి ఉండదా అక్కా?"

ఆ మాట అన్న నోటికి పట్టిన చిలుము ఇవాళ ఏ చింతపండు పెట్టి తోమినా వదలదు. ఆవిడ ఇరవై అయిదూ ఇచ్చి పట్టుకెళ్ళింది.

మెరుపే ఆవిడ కొంప ముంచింది. మేడం డబ్బా తెరిచి, ఇవి మావి కావు, అసలువి అమ్ముకుని కొత్త నకళ్ళు తెచ్చిపెట్టావు అంది. ఇంట్లోకి రావద్దంది. రెండు రోజుల్లో అసలువి తేకపోతే పోలీసులకు చెబుతానంది. అక్క తెలిసినవాళ్ళ గదిలో కూర్చుని నాకు మళ్ళీ ఫోన్ చేసింది. నువ్వొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పు, అంతే, అంది.

ఒక రోజంతా నాన్చాను. వెళ్తే కొన్నదీ, కడిగిందీ, లాభానికి అమ్మిందీ నా నోటితోనే చెప్పాలి. రెండో రోజు ఓవర్‌టైం వదులుకుని వెళ్ళాను.

పెద్దాయన కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. బ్యాడ్జీలన్నీ బల్ల మీద బోర్లించి, నాకొచ్చిన ఇంగ్లీషులో వెనకనున్న ముద్రలు చూపించాను. మేడం నమ్మలేదు. ఒకదానికి మాత్రం అసలు పిన్ను విరిగిపోతే ఆడవాళ్ళ తలపిన్నొకటి వంచి అతికించి ఉంది. ధర తగ్గుతుందని నేను తిట్టుకున్న బ్యాడ్జీ అది. దాన్ని చూపించాను. మేడం చేతిలోకి తీసుకుని చాలాసేపు వేలితో తడిమింది. అది వాళ్ళ నాయనమ్మ పనేనంది. తర్వాత బ్యాడ్జీని తిప్పి, పేరేదని అడిగింది. చెప్పాను. రిబ్బన్లేవని అడిగింది. అదీ చెప్పాను. నేను ఆ డబ్బా మూత తీసినప్పుడు దాన్ని ఎలా చూశానో, ఆమె నన్ను అలా చూసింది. ఆ చూపులో తప్పేమీ లేదు.

అక్క తప్పు లేదని మేడం ఒప్పుకుని మళ్ళీ పనిలోకి రమ్మంది. రాని రెండు రోజులకు మాత్రం జీతం కోస్తానంది.

మెట్ల దగ్గర అక్కకు పది దినార్లు తిరిగిచ్చాను.

"మరి ఆ రెండు రోజుల జీతం? ఎనిమిది."

"ఆరు" అన్నాను. అలవాటుగా వచ్చేసింది.

ఆవిడ నా మొహం వంక చూసి చెయ్యి చాపింది. "ఆరే ఇయ్యి తమ్ముడూ. నీతో నిలబడి మాట్లాడాలంటేనే వెలపరంగా ఉంది."

కొన్నది పదిహేను. అమ్మినది ఇరవై అయిదు. తిరిగిచ్చినది పది. జీతం కింద ఆవిడ అడిగినది ఎనిమిది, నేనిచ్చినది ఆరు. నాకు నష్టం ఆరు దినార్లు, ఆవిడకు రెండు. పద్దెనిమిది చోట్ల చెరిగిన పేరుకు ఎంత కట్టాలో మేడం వాళ్ళు అడగలేదు, నేనూ అడగలేదు.