పుస్తెలు తీసి గుట్టకు

మా కోడలు డ్యూటీకి వెళ్లే ముందు పుస్తెలు తీసేసేది. కాలి మట్టెలు కూడా. వాటిని దేవుడి అరలోని ఇత్తడి డబ్బాలో పెట్టి, మూత వేసి జీపెక్కేది.

ఆమె చదివింది భూగర్భశాస్త్రం. కర్గీ రోడ్ స్టేషన్ దాటాక అడవి అంచున ఒక గుట్ట ఉంది. ఎప్పుడో ఎవరో రెండు కందకాలు తవ్వి, రాతిలో వెండి, కొద్దిగా బంగారం ఉన్నాయని రాసి వదిలేశారట. మిగతా గుట్టను ఎవరూ చూడలేదు. అది చూడటమే ఆమె పని. మొదటిసారి పరీక్షకు పంపిన రాళ్లలో వెండి బాగా వచ్చింది. కానీ రాళ్లు పగలగొట్టిన కూలీ చేతికి వెండి కడియం ఉందని తెలిసి, పైవాళ్లు ఆ ఫలితాలన్నీ కొట్టేశారు. మళ్లీ అలా జరిగితే గుట్టను వదిలేస్తారు, ఆమె ఉద్యోగమూ పోతుంది.

టన్ను రాతిలో గ్రాము బంగారం ఉన్నా గొప్పేనంది. లెక్క వేసి చూశాను, పది లక్షల్లో ఒక వంతు. ఉంగరం ఒరుసుకున్నా చాలు, పరీక్షకు పంపే రాళ్ల సంచి పాడవడానికి. లెక్క సరిపోయింది గాని నా భయం తగ్గలేదు. మా అబ్బాయి అదే లైన్లో గూడ్సు నడుపుతాడు.

నేను భర్త పోయినదాన్ని. ఆ డబ్బాను ముట్టుకునేదాన్ని కాదు. అర తుడిచినా దాని చుట్టూనే తుడిచేదాన్ని.

ఒక మంగళవారం పదకొండింటికి రావలసిన అబ్బాయి రెండైనా రాలేదు. ఫోను స్విచాఫ్. కోడలికి గుట్ట మీద సిగ్నల్ ఉండదు. వంటింట్లోంచి డబ్బా కనిపిస్తూనే ఉంది. యార్డులో ఇంజను కూస్తే ఉలిక్కిపడ్డాను, కూత ఆగిపోతే ఇంకా భయమేసింది. గేటు ముందు మోటార్ సైకిల్ ఆగింది. కబురు తెచ్చినవాడే అనుకున్నాను.

వచ్చింది వాడే. బొగ్గు బళ్లను ముందు వదలడానికి వీడి బండిని కర్గీ రోడ్‌లో ఆపేశారట.

"ఏటమ్మా, అన్నం మాడిపోతంది," అంటూ స్టవ్ ఆపాడు.

సాయంత్రం కోడలికి నా భయం చెప్పేశాను. పుస్తెలు కంసాలికిచ్చిన రోజు మా వైపు ఆడవాళ్లు పసుపు కొమ్ము దారానికి కట్టి మెడలో వేసుకుంటారు, నువ్వు అదైనా వేసుకో అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"కొమ్ములో వెండీ బంగారం లేవు కదా. అచ్ఛా, కట్టుకుంటాను. ముందే చెప్పకపోయారేటత్తా, ఆ మూత ఏసినప్పుడల్లా నాకూ మనసొప్పేది కాదు."

దారం నేను ముట్టుకోలేదు. మా అబ్బాయి చేత కట్టించాను.

ఈమధ్య రెండో విడత ఫలితాలు వచ్చాయి. వెండి నిజంగానే ఉంది. కందకాలకు దూరంగా, ఎవరూ చూడని వైపున కూడా ఉందట. ఇక బోర్లు వేసి లోతు చూస్తారు. కోడలు పేడాలు తెచ్చింది. ఇంకా ఎన్నాళ్ల పని అని అడిగాను. వానలు అడ్డుపడకపోతే ఎనిమిది నెలలంది.

పేడా నోట్లో పెట్టుకుని మంచిదన్నాను. మర్నాడు బుధవారీ బజారుకు వెళ్లి ఎనిమిది నెలలకు సరిపడా పసుపు కొమ్ములు ఏరాను, పుచ్చు లేనివి, కొన విరగనివి. పొడి కొట్టించుకోవడానికి ఏవైతేనేం అన్నాడు కొట్టువాడు. ఒక్కొక్కటీ వెలుగులో తిప్పి చూస్తూనే ఉన్నాను.