గదిలో ఎవరూ లేరు

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ప్రాణం లేని భర్తతో ఆమె చాలాసేపు కబుర్లు చెప్పింది.

గడియారాలు బాగుచేసే ఆయనకు వీధిలో ఉన్న పేరు ఆగిన ముల్లు. పెట్టింది భార్యే, వీధి అందుకుంది. కంటికి భూతద్దం బిగించి కూర్చున్నాడంటే పక్కన పిడుగు పడ్డా కదిలేవాడు కాదు. చక్రాన్ని ఇరుసు మీద నిలిపేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడు. పనిచేసే ముందుగదిలో ఫ్యాను లేదు. గాలి తగిలితే ఆవగింజంత కూడా లేని మర ఎక్కడికి ఎగిరిపోతుందో తెలియదు. దుమ్ముకు భయపడి కిటికీ తెరిచేవాడు కాదు.

వెనకటి ఎండల్లో ఆ పద్ధతి చెల్లింది. ఈమధ్య ఎండాకాలాలు చెప్పాపెట్టకుండా ముందే వచ్చి, పొమ్మన్నా పోవడం లేదు. నుదుటికి గుడ్డ కట్టుకున్నా చెమట చుక్క జారి వాచీలో పడేది. పడిందంటే తుప్పే.

చూడలేక కూతురు ఏసీ పెట్టించింది. కరెంటు ఎవరికీ చాలని రోజులు కదా, ఈ కొత్తరకం ఏసీకి ఒక కన్ను ఉంది. గదిలో కదలిక ఉంటే నడుస్తుంది. లేకపోతే గది ఖాళీ అనుకుని తనే ఆగిపోయి, ఆ సంగతి ఇంటావిడ ఫోనుకు చేరవేస్తుంది. ఈయన ముందు అది మాటిమాటికీ ఆగిపోయేది. ఆయన తలెత్తకుండా బడిపిల్లాడిలా చెయ్యి పైకెత్తేవాడు. కుయ్‌మని మళ్లీ మొదలయ్యేది.

“ఎన్నేళ్లు పిలిచినా ఊఁ అనని మనిషి, దానికి మాత్రం చెయ్యెత్తి మొక్కుతున్నారు చూడవే మీ నాన్న” అని ఆమె కూతురితో అంటే ముగ్గురూ పడీపడీ నవ్వారు. నవ్వుకోవడానికి అంత బాగుండబట్టి, ఆ కన్ను మూయించాలని ఎవరికీ తోచలేదు.

ఆ రోజు వడగాలులని పొద్దున్నుంచీ హెచ్చరికలు. ఆమె అక్కగారింటికి బయలుదేరుతూ ఆయన్నీ రమ్మంది. చేతిలో పని ఉందన్నాడు. అది కాగానే తమ్ముడింటికి పోయి చల్లగా పడుకుంటానని మాటిచ్చాడు. మధ్యాహ్నం ఆమె ఫోను మోగింది. గదిలో ఎవరూ లేరని, ఏసీ ఆపేశానని. ఎప్పటిలా వెంటనే మళ్లీ మొదలెట్టానన్న కబురు మాత్రం రాలేదు.

“ఇన్నాళ్లకి నా మాట విన్నారక్కా” అంది ఆమె మురిసిపోతూ. ఆ నిశ్చింతతోనే ఇంకాసేపు ఉండిపోయింది.

తిరిగొచ్చి తలుపు తీసేసరికి పొయ్యి మూత ఎత్తినట్టు వేడి మొహానికి కొట్టింది. ఆమె లోపల అడుగుపెట్టగానే ఏసీ కుయ్‌మంది. కుర్చీలో ఆయన ఎప్పటిలాగే వంగి ఉన్నాడు, కంటికి భూతద్దం, బల్లమీద ఆనించిన చేతిలో పట్టకారు.

“అప్పుడే వచ్చేశారా? తమ్ముడు అన్నం పెట్టాడా లేదా?” అంది. జవాబు రాలేదు. రాదనీ తెలుసు. చెప్పులు విడిచి, అక్క మోకాళ్ల నొప్పుల సంగతి చెబుతూ కూజా నింపింది. నీళ్లగ్లాసు ఆయన పక్కన పెట్టి, భుజం తట్టింది.

వడదెబ్బ ముందు తెలివినే కమ్మేస్తుందని, చెయ్యెత్తాలన్న ధ్యాస కూడా ఉండి ఉండదని డాక్టరు చెప్పాడు. ఆయన అసలు ఇల్లు కదల్లేదని తమ్ముడు చెప్పాడు. ఆమె ఇద్దరి వంకా చూసిందే గానీ ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు.

కార్యక్రమాలన్నీ అయ్యాక కూతురు ఏసీ పీకించేస్తానంది. ఆమె ఆగమని సైగ చేసి ఆయన కుర్చీలో కూర్చుంది. పట్టకారు పట్టుకుని, ఆయనలాగే తల వంచి, కదలకుండా ఉంది. గుమ్మంలో కూతురూ బిగుసుకుపోయింది. ఏసీ గుయ్యిమంటూ నడిచీ నడిచీ టక్కున ఆగింది. ఒళ్లోని ఫోను మోగింది.

గదిలో ఎవరూ లేరట.

“అమ్మా, చెయ్యెత్తు” అంది కూతురు.

ఆమె ఎత్తలేదు. గది వేడెక్కడం మొదలైంది. కూతురే పరుగున లోపలికొచ్చి తల్లి చెయ్యి పట్టుకుని పైకెత్తింది.