టెస్‌కు ఫెస్టీ నేర్పినది

ఫెస్టీ కొనీలీ మా తీరంలో పీతల బుట్టలు దించుతూ బతికినవాడు. పెళ్లి చేసుకోలేదు. మోకాళ్లు పడవ ఎక్కనివ్వని రోజు వచ్చాక పడవ అమ్మేసి, గాల్వే పట్నంలోని అనాథ కుక్కల శరణాలయానికి వెళ్లి టెస్‌ను తెచ్చుకున్నాడు. నలుపూ తెలుపూ గొర్రెల కుక్క, వయసు మళ్లింది. ఎవరో దాన్ని బురదనేలల్లో ఒక గేటుకు గొలుసేసి కట్టి వెళ్లిపోయారట. గొలుసు ఒరుసుకున్న చోట మెడ చుట్టూ మళ్లీ వెంట్రుకలు మొలవలేదు.

"పిల్లనే తెచ్చుకోవచ్చుగా?" అని, సరుకులకు మా కొట్టుకు వచ్చినప్పుడు అడిగాను.

"పిల్లల్ని ఎవరైనా తీసుకుపోతారు మరేడ్. ఇది నన్ను చూసి తోక కూడా ఊపలేదు. అడగడం ఎప్పుడో మానేసినట్టుంది" అన్నాడు.

ఆ చలికాలమంతా టెస్ అతని కాలి వెంటే తిరిగింది. అతను చర్చిలో ఉంటే బయట వానలో కూర్చునేది. ఇంటి తలుపు మూయాలంటే దాని తోక లోపలికి వచ్చిందో లేదో చూసుకునేవాడు.

వసంతం వచ్చేసరికి అతని అక్క డెలియా లివర్‌పూల్ నుంచి ఉత్తరం రాయించింది. అక్కడ ఆసుపత్రి వంటగదిలో పనిచేసి రిటైరైంది. చక్కెర జబ్బుతో చూపు పూర్తిగా పోయింది. తమ్ముడి దగ్గరికి వస్తానంది. ఆమెకు దారి చూపే కుక్క ఒకటి సిద్ధంగా ఉంది. అయితే ఆ కుక్కల సంస్థావిడ ముందే వచ్చి ఇల్లు చూసి, ఒక మాట ఖచ్చితంగా చెప్పింది: ఇంట్లో ఉన్న కుక్కకు ముందు బుద్ధిగా ఉండడం నేర్పాలి, ఆ తర్వాతే రెండోది.

ఫెస్టీ, కొండ మీద గొర్రెల కుక్కలకు నేర్పే నోరీన్‌ను పట్టుకున్నాడు. పొయ్యి పక్కన ఒక గళ్ల దుప్పటి పరిచారు. "నీ చోటుకు" అంటే టెస్ దాని మీదకు పోయి పడుకోవాలి. "సరే" అనేదాకా లేవకూడదు. తన గిన్నె పక్కన ఇంకొకరు నడిచినా గుర్రుమనకూడదు. మంచిగా ఉంటే పందిమాంసం ముక్క.

మొదట్లో ఫెస్టీయే నవ్వులపాలయ్యాడు. "'నీ చోటుకు' అని గట్టిగా చెప్పు. 'చోటెక్కడ?' అని అడిగినట్టుంది నీ గొంతు" అని నోరీన్ దెప్పేది. "కుక్కకు వచ్చేసింది. నీకే రాలేదు."

వేసవి చివరికి ఇద్దరికీ వచ్చింది. ఒకరోజు టెస్‌ను మా కొట్టుకు తెచ్చి, గోనెసంచి పరిచి "నీ చోటుకు" అన్నాడు. గొర్రెల మంద దాటిపోతున్నా అది కదల్లేదు. అంత గర్వంగా ఫెస్టీ ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు.

డెలియా వచ్చింది, వెంట ఆమెకు దారి చూపే విన్నీ, లేత పసుపు రంగు లాబ్రడార్ కుక్క. టెస్ ఒక్కసారి వాసన చూసి, ఎవరూ చెప్పకుండానే వెళ్లి దుప్పటి మీద పడుకుంది. సంస్థావిడ ఇంత బుద్ధిగల కుక్కను చూడలేదంది.

ఆ తర్వాత అది దుప్పటి దిగలేదు. "సరే" అన్నా లేచేది కాదు. తిండి మానేసింది. రాత్రి బయటికి పోకుండా దుప్పటి తడిపేది. పశువుల డాక్టరు జబ్బేమీ లేదన్నాడు. చివరికి నోరీన్ వచ్చి, నేల మీద దాని పక్కన చాలాసేపు కూర్చుంది.

"ఇది బుద్ధి కాదు ఫెస్టీ. భయం. ఇంకో కుక్క వచ్చింది కాబట్టి తనను తీసుకుపోయి మళ్లీ ఎక్కడో కట్టేస్తావనుకుంటోంది. కదలకుండా ఉంటే ఉండనిస్తావని దాని ఆశ."

డెలియా కుర్చీలోంచి, "నేనే క్లిఫ్డెన్‌లో వృద్ధాశ్రమానికి పోతాను. కుక్కను బాధపెట్టి నేనిక్కడ ఎలా బతకను?" అంది.

"నోరు మూసుకో డెలియా. మన అమ్మ పుట్టిన ఇల్లు ఇది. నువ్వెక్కడికీ పోవు" అన్నాడు. ఆ మాటతోనే, పోవలసింది ఎవరో తేలిపోయింది.

నోరీన్ ఇంట్లో ఆ ఏడాది వేరే కుక్కల్లేవు. ఆమె సొంత కుక్కల్లో చివరిది ఆ వేసవిలోనే చనిపోయింది. ఫెస్టీ టెస్‌ను కారులో ఆమె ఇంటికి తీసుకెళ్లాడు. అది దిగనంటే రెండు చేతులా ఎత్తుకుని లోపల పెట్టాడు. కొన్నాళ్లు రావొద్దంది నోరీన్. అతను వెళ్లలేదు. అక్కడ టెస్ తినడం మొదలుపెట్టిందని, గాలికి మొరుగుతూ గట్లు ఎక్కుతోందని నేనే చెబుతుండేదాన్ని. "మంచిది" అనేవాడు, ఇంకేమీ అడిగేవాడు కాదు.

బురదనేలల్లో పొయ్యిలోకి మండే మట్టి గడ్డలు కోసే వేసవి మొదట్లో ఒకసారి వెళ్లాడు. గేటు దగ్గర అతన్ని చూడగానే టెస్ పరుగెత్తి రాలేదు. తిన్నగా లోపలికి పోయి, నోరీన్ చాప మీద పడుకుని, కాళ్ల మీద తల పెట్టుకుని అతన్నే చూసింది. కదలకుండా బుద్ధిగా ఉంటే మళ్లీ ఇంటికి తీసుకెళతాడని దాని ఆశ.

"సరే టెస్" అన్నాడు. ఆ పూట లేచి వచ్చింది, మోకాలికి తల ఆనించింది. అతను టీ తాగి లేవగానే మళ్లీ చాప మీదకు పోయింది. నోరీన్ కిటికీలోంచి చూస్తే, ఫెస్టీ స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడట. ఆ తర్వాత వెళ్లలేదు.

నోరీన్ దగ్గర రెండో శీతాకాలంలో టెస్ నిద్రలోనే పోయింది. గొయ్యి తానే తవ్వుతానని పట్టుబట్టాడు, ఆ మోకాళ్లతోనే. డెలియా, విన్నీ గట్టు పక్కన నిలబడ్డారు.

కొన్నాళ్లకు మా కొట్లో రొట్టె తీసుకుంటూ అన్నాడు: "దానికి కూర్చోమని చెప్పడం నాకు వచ్చింది, ఉండమని చెప్పడం వచ్చింది. నీ తప్పేమీ లేదని ఎలా చెప్పాలో నాకు రాలేదు మరేడ్. నోరీన్‌ను అడిగితే ఆమెకూ రాదంది."

విన్నీని బాగానే చూసుకుంటాడు. వానలో తడిస్తే తుడుస్తాడు, ముళ్లు తీస్తాడు. డెలియా దాని పట్టీ పట్టుకుని ఆదివారం చర్చికి ఒక్కతే నడిచి వస్తోంది ఇప్పుడు. అతను కాస్త వెనక, చేతులు జేబుల్లో పెట్టుకుని వస్తాడు.