కొండ దిగేటప్పుడు ముందు నడిచిన మనిషి

డ్రిల్ టీచరుగారు పెనుకొండ కొండ మీద నాతో పాటు పరిగెడుతూ జారిపడి చనిపోయారని హిందూపురంలో కొందరు చెప్పుకుంటున్నారు. అది అబద్ధం. ఆమె ధర్మవరంలో, తమ్ముడి ఇంట్లో, తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ కూర్చున్న చోటే గుండె ఆగి పోయారు. ఆ ఉదయం నేను హిందూపురంలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాను. ఆమె చావును చూపించి ముసలి ఆడవాళ్ళను బెదిరించేవాళ్ళ కోసం ఇది రాయడం లేదు. ఆమె ఈల విని వరుసలో నిలబడ్డ ఆడపిల్లలు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్ళకు నిజం తెలియాలి.

నేను కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. పెళ్ళి చేసుకోలేదు, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. తొంభైలలో, ఉద్యోగం ఇంకా ఉండగానే, లేపాక్షి రోడ్డు మీద తెల్లవారుజామున పరిగెత్తడం మొదలుపెట్టాను. చుడీదారు, కాన్వాసు బూట్లు. ఆటోవాళ్ళు వేగం తగ్గించి, "ఏమి మేడమ్మా, బస్సు తప్పిపోయిందా? ఎక్కండి, దింపుతాం" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు వాళ్ళకే విసుగొచ్చింది. కిలోమీటరు రాళ్ళు నాకు ఎంత అలవాటయ్యాయంటే, వాటిని చూడకుండా నా ఊపిరిని నేను నమ్మేదాన్ని కాదు.

టీచరుగారిని మొదట చూసింది ధర్మవరంలో, ఒక రోడ్డు పరుగు ముగిసే చోట. నడుములో చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, మెడలో ఈల వేసుకుని నిలబడి ఉన్నారు. అప్పటికే ఆమెకు కూడా పింఛను వస్తోంది. నేను గీత దాటి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగరుస్తుంటే దగ్గరకొచ్చి, "బాగా ఉరికినారు మేడం. కానీ ఒక్కసారన్నా నేలని సూడ్లేదు" అన్నారు.

"తారు రోడ్డులో చూడటానికేముంది?" అన్నాను, కొంచెం చురుగ్గానే.

"అదే చెప్తాండేది. రోడ్డు మనల్ని మోస్తాది. కొండ మోయదు."

పెనుకొండలో ఒక యువజన సంఘం వాళ్ళు కొండ పరుగు పెడుతున్నారనీ, కోట దాకా ఎక్కి మళ్ళీ దిగి రావాలనీ, వయసు నిబంధన లేదనీ ఆమే చెప్పారు. తాను పరిగెత్తలేనని, మోకాలు ఒప్పుకోదని కూడా చెప్పారు. "మీరు ఉరకండి. నేను నేర్పిస్తా." అప్పటిదాకా నాకు ఎవరూ ఏదీ నేర్పిస్తామని ముందుకు రాలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

ఆదివారాలు అలా మొదలయ్యాయి. ఆమె ధర్మవరం నుంచి, నేను హిందూపురం నుంచి, ఎదురెదురు ప్యాసింజర్లలో వచ్చి పెనుకొండ స్టేషనులో కలుసుకునేవాళ్ళం. ఎవరి బండి ముందొస్తే వాళ్ళు నీళ్ళ కుళాయి దగ్గర నిలబడాలని ఒప్పందం. ఆమె చీరకొంగు ముడిలో వేయించిన చెనక్కాయలు, బెల్లం ముక్క తప్పకుండా ఉండేవి. కొండ ఎక్కాకే ముడి విప్పేవారు. నా ఇంటి సంగతులు ఆమె ఎన్నడూ అడగలేదు. ఆ మర్యాదకే నేను ఆమెకు సగం రుణపడ్డాను.

మొదటి ఆదివారమే కొండ సగంలో ఉన్న బండ మీద సన్నటి గరుసుకు కాలు జారి కూలబడ్డాను. చేయి ఇస్తారనుకున్నాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, "లేస్తారా మేడం, ఆడే కూసోని పాఠం చెప్తారా?" అన్నారు. కోపం వచ్చి లేచాను. కోపంతోనే మిగతా కొండ ఎక్కేశాను. దిగడమే రాలేదు. రోడ్డు మీద దూరంగా చూస్తూ పరిగెత్తడం అలవాటైన కళ్ళు అడుగు ముందున్న రాయిని చూడవు; చూస్తే కాలు ఆగిపోతుంది.

దానికి ఆమె వెతికిన మందు విచిత్రమైనది. నన్ను ధర్మవరం తీసుకెళ్ళి, తమ్ముడు భోజనానికి లేచిన వేళ అతని మగ్గం గుంటలో కూర్చోబెట్టారు. గుంటలో చీకటి, కింద కాళ్ళతో తొక్కే పలకలు కనబడవు. "పోగు దూర్చే నాడె ముట్టద్దండి, పట్టు పాడయితాది. కాళ్ళు మాత్రం ఆడించండి. కిందికి సూడద్దు." నేను ఒక పలకకు బదులు ఇంకొకటి తొక్కాను, రెండింటినీ కలిపి తొక్కాను. నేసే ఇంట్లో పుట్టిన పిల్లలు ఆడుకుంటూ చేసే పని అది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న టీచరుగారి మరదలు నవ్వు ఆపుకోలేకపోయింది. "వదినా, ఈ మేడమ్మకి చీర నేసేది నేర్పిస్తాండావా, ఉరికేది నేర్పిస్తాండావా?"

"రెండూ కాదు. కాళ్ళకి కండ్లు మొలిపిస్తాండా."

చాలా వారాలు పట్టింది. ఒక రోజు పలకలు వాటంతట అవే పాదాలకు అందాయి. ఆ తర్వాతి ఆదివారం కొండ మీద మొదటిసారి, రాయి కదిలేలోపే నా పాదం బరువు మార్చుకుంది. టీచరుగారు మెచ్చుకోలేదు. కొంగు ముడి మాత్రం ఆ రోజు పైకి చేరకముందే, అక్కడే విప్పారు.

దిగేటప్పుడు ఎప్పుడూ ఆమే ముందు. వెనక్కి తిరిగి చూసేవారు కాదు, ఆగకుండా మాట్లాడుతూ దిగేవారు. ఏ స్కూల్లో ఏ పిల్ల ఎంత ఎత్తు దూకిందో, మరదలు ఏ కూరలో ఉప్పు మరిచిందో. "నా మాట వినబడేంత దగ్గరగా రాండి, అంతే" అనేవారు. నేను ఆ గొంతు వెంబడి దిగేదాన్ని.

ఒక్క విషయంలో మాకు పొసగలేదు. నేను ఏ పందెంలోనూ నడిచినదాన్ని కాను. పరుగు రోజున నిటారు చోట దిగేటప్పుడు నడవమని ఆమె పట్టుబట్టారు. "ఎక్కేది బలం, దిగేది బుద్ధి. నడిస్తే తప్పేమి?"

"పందెంలో నడవడం నాకు చేతకాదు టీచరుగారూ."

"నడిచేది చేతకాదా, నడిచేటప్పుడు జనం సూసేది చేతకాదా?"

అంతలో స్టేషనులోకి నా బండి వచ్చింది, ఎక్కాను. మేము మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే.

కబురు అంది ధర్మవరం చేరేసరికి ఆమెను తీసుకెళ్ళిపోయారు. ఇల్లు కడుగుతున్నారు. మగ్గం మీద బట్ట కప్పి ఉంది. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "యా ఊరమ్మా మీది? ఆమెకి ఏమి కావల్ల మీరు?" అంది.

"స్నేహితురాలిని."

"కూడా పనిచేసినారా?"

"లేదు."

"మరి?"

"ఆదివారాలు కలిసి కొండెక్కేవాళ్ళం."

ఆమె నా నెరిసిన తల వంక చూసి, కొంచెం జరిగి చోటు ఇచ్చింది. ఆ ఇంటినిండా అక్కలు, వదినలు, పిన్నమ్మలు ఉన్నారు. ఏడవడానికి అందరికీ ఒక వరస ఉంది. నాకు లేదు. మరదలు మంచినీళ్ళు ఇచ్చి, "ఇంగ కొండకి పోతారా మేడం?" అని మెల్లగా అడిగింది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

తర్వాత యువజన సంఘం కుర్రాళ్ళు మా ఇంటికొచ్చారు. "పరుగు దినం మీరు స్టేజీ మీద కూసోండి మేడం. టీచరమ్మ ఫోటోకి దండ మీరే వెయ్యల్ల. మీకు శాలువా కూడా కప్పుతాం. ఇప్పుడు ఉరికేది యాల చెప్పండి?" వాళ్ళ మాటలో ప్రేమే ఉంది. ఆలోచించి చెబుతానన్నాను.

పోయిన ఆదివారం ఒక్కదాన్నే పెనుకొండలో దిగాను. ధర్మవరం బండి వచ్చేదాకా కుళాయి దగ్గర ఎందుకు నిలబడ్డానో నన్ను అడగవద్దు. బండి వచ్చింది, వెళ్ళింది. కొండ ఎక్కడం కష్టం కాలేదు. పైన, దిగే దారి మొదట్లో, చాలాసేపు ఆగిపోయాను. నన్ను ఆపింది ఎదురుగా మనిషి లేకపోవడం కాదు, మాట లేకపోవడం. వెనక నుంచి కాలేజీ పిల్లలు దూసుకొచ్చారు. "అవ్వా, పక్కకి!" నేను పక్కకు జరిగాను. వాళ్ళు వెళ్ళాక అడుగులు చిన్నవి చేసి నడవడం మొదలుపెట్టాను. నా కాలి కింద కదిలిన రాళ్ళు నాకంటే ముందు దొర్లుకుంటూ పోయి ఎక్కడో కింద ఆగేవి. ఆ చప్పుడు ఆగేదాకా ఉండి, మరో అడుగు వేసేదాన్ని. పడలేదు.

ఎవరినీ సలహా అడగలేదు. తిరుగు బండి ఎక్కకముందే సంఘం వాళ్ళ గది వెతుక్కుంటూ వెళ్ళి, పరిగెత్తేవాళ్ళలో నా పేరు ఇచ్చాను. ఎక్కేటప్పుడు పరిగెడతాను. దిగేటప్పుడు, ఊరంతా చూస్తుండగా, నడుస్తాను. అందరికంటే చివర వస్తాను. శాలువా వద్దన్నాను, దండ ఆమె శిష్యురాళ్ళతో వేయించమన్నాను. కొండ కింద గీత దగ్గర కట్టే తాడును మాత్రం, జనం వెళ్ళిపోయినా సరే, నేను దిగి వచ్చేదాకా విప్పవద్దని చెప్పి వచ్చాను.